ఇంగ్లీషువారి కాలమాన పదములు

నేడు నేను ప్రసంగింపబూనిన విషయము బడిలో చిన్నపిల్లలు వల్లించు పాఠమువలె తోచవచ్చును. వీక్ అనగా వారము, మంత్ అనగా మాసము, ఇయర్ అనగా సంవత్సరము అని కంఠస్థము చేయించి ఉపాధ్యాయులు ఈ పాఠమును ముగింతురు. నేనును అట్లే నేర్చితిని. కాని ఈ పదములు మన పదములకు అచ్చముగా సరిపోవనియు, ఆ భేదము నెరుగనివాడు నష్టపడుననియు మా పెదనాన్నగారి వ్యవహారము వలన తెలిసికొంటిని. ఆ సంగతి తరువాత విన్నవింతును. ముందుగా పదముల చరిత్రను చిత్తగింపుడు.

పూర్వము ఇంగ్లీషువారి మూలపురుషులైన జర్మను జాతులవారు కాలమును పగళ్లతో గాక రాత్రులతో లెక్కించెడివారు. రోము దేశపు చరిత్రకారుడు టాసిటస్ క్రీస్తుశకము 98 ప్రాంతమున ఈ విషయమును వ్రాసియున్నాడు. ఆ యలవాటు నేటికిని ఫార్ట్‌నైట్ అను పదమున నిలిచియున్నది. పదునాలుగు రాత్రులని దాని యర్థము. దానిని మనము పక్షమని తెనిగింతుము. మన పక్షమునకు తిథులు పదునైదు, వారి ఫార్ట్‌నైట్‌నకు దినములు పదునాలుగే. మంత్ అను మాటయు చంద్రుని పేరైన మూన్ అను మాటకు చుట్టమే. అనగా వారి నెలయు ఒకప్పుడు మన నెలవలెనే చంద్రునిబట్టి పుట్టినదన్నమాట.

వీక్ అను పదమునకు మూలార్థము మలుపు, వంతు అని భాషావేత్తలు చెప్పుదురు. సంస్కృతమున వార శబ్దమునకును వంతు అనియే అర్థము. వారి సండే మన ఆదివారము, వారి మండే మన సోమవారము, సాటర్‌డే శనిదే. అవర్ అను పదము గ్రీకుల హోరా నుండి వచ్చినది. మన జ్యోతిష్కుల హోరయు ఆ గ్రీకు మాటయే. దినమును అరువది ఘడియలుగాను, ఘడియను అరువది విఘడియలుగాను మనము విభజించినట్లే, వారు గంటను అరువది మినిట్లుగాను, మినిట్టును అరువది సెకండ్లుగాను విభజించిరి. లాటిను భాషలో మొదటిసారి చేసిన చిన్న భాగము మినిట్టు, రెండవసారి చేసినది సెకండు. రెండున్నర ఘడియలు వారి గంట యొకటి.

పదములు స్థిరముగా నుండవు. మధ్యాహ్నమునకు వారు చెప్పు నూన్ అను మాట లాటినులో తొమ్మిదవ గంట యనుట. సూర్యోదయము మొదలు లెక్కించిన అది మూడవ జాము ముగియు వేళ. క్రమముగా ఆ మాట నడిమింటి పొద్దునకు జరిగినది. సెప్టెంబరనగా ఏడవది, డిసెంబరనగా పదవది. రోమనులకు పూర్వము సంవత్సరము మార్చితో మొదలగుటచే ఆ పేర్లు పుట్టినవి. నేడవి తొమ్మిదవ, పండ్రెండవ నెలలై కూర్చున్నవి. ఇంగ్లండు దేశముననే 1751వ సంవత్సరము వరకు శాసనరీత్యా సంవత్సరాది మార్చి 25వ తేదీ. పంచాంగమును సరిదిద్దుటకై 1752లో సెప్టెంబరు 2వ తేదీ బుధవారము మరునాడు 14వ తేదీ గురువారమని నిర్ణయించిరి. పదునొకండు తేదీలు మాయమయ్యెను గాని వారముల వరుస చెడలేదు.

ఇంకొక వింత వినుడు. ఇంగ్లండు న్యాయశాస్త్రమున నెల యనగా పూర్వము ఇరువదియెనిమిది దినములే. పండ్రెండు నెలలకని బహువచనముతో కౌలు వ్రాసికొన్న రైతునకు నలుబదియెనిమిది వారములే చెల్లును. ట్వెల్వ్‌మంత్ అని ఏకవచనముగా వ్రాసిన పూర్తి సంవత్సరము చెల్లును. ఈ సంగతిని బ్లాక్‌స్టన్ పండితుడు 1766లో ప్రకటించిన సంపుటమున వివరించెను. అక్షర మొకటి ఎక్కువైన ఇంచుమించు నెల దినముల సాగు పోయెడిది! మన దేశమున 1897వ సంవత్సరపు జనరల్ క్లాజెస్ ఆక్టు నెల యనగా ఇంగ్లీషు పంచాంగపు నెలయే యని చట్టములకు నిర్వచించినది.

ఇక మా పెదనాన్నగారి మాట. ఆయన 2015లో, మన్మథ నామ సంవత్సర ఏరువాక పున్నమి నాడు, ఇరుగుపొరుగు రైతున కొకనికి ఎద్దుల నిమిత్తము సొమ్మిచ్చి ప్రోనోటు వ్రాయించుకొనిరి. నోటుపై తిథి మాత్రమే వేయించిరి. ఇంగ్లీషు లెక్కకు ఆ దినము జూన్ 2వ తేదీ. నోటునకు గడువు మూడేండ్లని వారెరుగుదురు. విళంబి సంవత్సరపు ఏరువాక పున్నమి వరకు వ్యవధి యున్నదని నమ్మి, రెండు దినములు ముందుగనే, 2018 జూన్ 26వ తేదీన నన్ను వెంటబెట్టుకొని ప్లీడరుగారి యింటికి వెళ్లిరి. ఆయన నోటును చూచి, వ్రేళ్లు మడిచి, ఇరువదినాలుగు దినముల క్రిందటనే కాలదోషము పట్టినదనెను.

జరిగినదేమనగా, ఆ మూడేండ్లలో 2015లో అధిక ఆషాఢము, 2018లో అధిక జ్యేష్ఠము, రెండు అధిక మాసములు పడినవి. మన లెక్కకు ముప్పదియెనిమిది నెలలైనవి. కాలపరిమితి చట్టము మాత్రము పత్రము నే తిథితో వ్రాసినను ఇంగ్లీషు పంచాంగముననుసరించియే లెక్కించును. 1908 నాటి చట్టములో దేశీయపు తేదీ మాత్రమే వేసిన నోటును ఉదాహరణముగా చూపి మరీ చెప్పిరి. 1963 నాటి చట్టమును ఆ నియమమునే నిలిపినది.

పెదనాన్నగారు మారుమాటాడక ఇంటికి వచ్చిరి. నాకు సిగ్గయ్యెను. ఇంగ్లీషు చదివితినని చెప్పుకొను నేను, ఆ నోటు మూడేండ్లు మా పెట్టెలో నుండగా ఒక్కసారియైన తేదీ చూడనైతిని. ఆ రైతు ధర్మాత్ముడు. కాలదోషము దావాహక్కునకే గాని ఋణమునకు గాదని గ్రహించి, క్రొత్తనోటు వ్రాసియిచ్చెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము అట్టి వ్రాతను చెల్లునని యంగీకరించినది. అందరు ఋణస్థులు అట్టివారు కారు గదా!

కావున పెద్దలారా, తిథులను విడువవలదు. వ్రతమునకు అవియే ప్రమాణము. పత్రమునకు మాత్రము తిథి ప్రక్కన తేదీయును వేయింపుడు. మీ మనుమలు వీక్, మంత్ అని వల్లించునపుడు, అందు దినములెన్నియో కూడ అడుగుడు.