తెర యెవరిది?

అనంతపురపు సీమలో వాన తక్కువ, వానను గూర్చిన మాట యెక్కువ. పడమటి కనుమల చాటున నున్న ఈ పీఠభూమిని చేరునప్పటికి నైరుతి మేఘములు తమ సొత్తులో అధికభాగమును కనుమల కావలనే వదలి వచ్చును. ఏడాదికి పడునది సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు ఒక వారము కురిసి మూడు వారములు మొగము చాటుచేయును. వెనుకటి దినములలో వాన రాని యేట గ్రామస్థులు విరాటపర్వము చదివించెడివారు. లేదా తలా కొంత చందా వేసికొని తోలుబొమ్మలాట ఆడించెడివారు. ఆటకు వాన వచ్చెనో లేదో చెప్పజాలము గాని, ఆటగాండ్రు మాత్రము వచ్చెడివారు.

వారు తమతో ఏమేమి తెచ్చెడివారో చూడుడు. బొమ్మల పెట్టె, ఆముదపు దీపములు, మద్దెల, తాళములు, కాలితో త్రొక్కి చప్పుడు చేయుటకు చెక్కలు, వీటితోపాటు ఒక తెల్లని పంచె. ఆ పంచెయే తెర. ఊరివారు గుంజలు పాతించెడివారు, దీపమునకు నూనె పోసెడివారు, తెల్లవారిన తరువాత గింజలు కొలిచెడివారు. తెర మాత్రము ఆటగానిదే. మేము చెప్పదలచినది ఈ పంచెను గూర్చియే. కొంతకాలముగా మేము వీడియో ఆటలను గూర్చి తెలుగులో చిన్న ప్రసంగములు చేసి, ఫోనులలో చూచుటకు వీలుగా ఇంటర్నెట్టున ఉంచుచున్నాము. వినువారు కొలదిమంది. ఆ పనిలో మాకు కలిగిన సందేహమే పైన శీర్షికగా నున్నది.

ఈ ఆటగాండ్ర కుటుంబములు ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో నేటికిని గలవు. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఆ యూరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. కరవు విషయమున మాత్రము విభజన యేమియు జరుగలేదు. ఇంటిలో మరాఠీ మాండలికము మాటలాడుకొను వీరు తెర వెనుక తెలుగు పద్యము చదువుదురు. కళ మిక్కిలి పాతది. 13వ శతాబ్దివాడగు పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రములో బొమ్మల నాడించువారిని పేర్కొనియున్నాడు.

బొమ్మ చేయుట ఓపికతో కూడిన పని. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, బిగించి ఎండబెట్టి, వెలుతురు చొచ్చునంత పలుచన చేయుదురు. దానిపై రూపము గీసి, ఉలులతో సన్నని రంధ్రములు పొడిచి నగలను తీర్చి, రంగులు వేయుదురు. తల వేరు, చేతులు వేరు, కాళ్లు వేరు. కీళ్లకడ దారముతో కూర్చుదురు. కొన్ని బొమ్మలు ఇంచుమించు మనిషి యెత్తు నుండును. ఇంత శ్రమకోర్చి చేసిన రాముడు గంభీరముగా నడచుచుండగా, పిల్లలు ఎదురుచూచునది మాత్రము కేతిగానిని, బంగారక్కను, జుట్టుపోలిగానిని. వీరి నోటికి హద్దు లేదు. కథను నడుమ ఆపి, ఆ యేటి ధరవరలను, ఆ యూరి పెద్ద మీసమును, ముందువరుసలో నిదురించువానిని సైతము తెరమీదికి లాగుదురు.

ఆ మాటకు ఊరిపెద్దకు కోపము వచ్చినచో ఏమగును? మరునాటి ఉదయము పెట్టె నెత్తిన బెట్టుకొని తరువాతి యూరికి పోవుదురు. నష్టము ఒక రాత్రి గింజలు. కదిరి దారిలో ఒక యూరు పోయినచో కళ్యాణదుర్గము దారిలో ఇంకొకటి గలదు. ఇది సుఖమైన బ్రదుకని మేము చెప్పుట లేదు. కరవు ముదిరిన యేట ఆట యడుగు ఊళ్లు హెచ్చు, గింజలు కొలుచు ఊళ్లు తక్కువ. అయినను ఆటగానికి, ప్రేక్షకునికి నడుమ అడ్డుగా నిలిచి, ఒకే మాటతో అన్ని ఊళ్ల దారులను మూయగల వాడొక్కడును లేడు.

1932లో తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద వచ్చెను. పిదప టూరింగు టాకీసు గుడారములు పల్లెలకును వచ్చినవి. తెర పెద్దదైనది, మాటలాడినది, వేరొకరిదైనది. బొమ్మలాటగాండ్రలో పలువురు దీపపు కప్పులు, గోడకు తగిలించు బొమ్మలు చేయుటకు మరలిరి. ఒకప్పుడు దీపమునకు ముందు నిలిచి ఆడిన తోలు నేడు దీపముచుట్టు కప్పుగా నున్నది. 2020లో నిమ్మలకుంట కళాకారులు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మేమెంతో సంతోషించితిమి. తెల్లవారుదాక కూర్చుండి ఆట చూచువారు ఆ సంతోషముతో పెరుగలేదనుట వేరు సంగతి.

ఇక వీడియో ఆట. దీని పుట్టినిల్లు అంగడి కాదు, పరిశోధనశాల. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు, చూడవచ్చు జనులకు విసుగు కలుగకుండుటకై, ఆసిలోస్కోపు యొక్క చిన్న గుండ్రని తెరపై టెన్నిసు వంటి ఆట నమర్చెను. జనులు వరుసకట్టి నిలిచిరి. ఆయన దానికి పేటెంటు తీసికొనలేదు. 1962లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు రెండు ఆకాశనౌకల పోరాటమును కంప్యూటరుపై నడిపి దానికి 'స్పేస్‌వార్' అని పేరిడిరి. ఆ యాట ఒక విద్యాలయము నుండి మరియొక దానికి ఉచితముగా పోయెను; పోయినచోట ఎవరో యొకరు ఏదో యొకటి చేర్చుచుండిరి. 1972లో అటారీ సంస్థ 'పాంగ్' అను ఆటను నాణెము వేసి యాడు పెట్టెలో అమర్చిన తరువాతనే వ్యాపారము ఊపందుకొనెను.

1985లో జపానున నింటెండో సంస్థ వెలువరించిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆటను నిమ్మలకుంట వృద్ధులెవరైన చూచినచో వింతపడరని మా నమ్మకము. ప్రక్కకు తిరిగిన బొమ్మ, ప్రక్కకే నడక, వెనుక కదలిపోవు చెట్లు. భేద మొక్కటే: అచ్చట కఱ్ఱలు ఆటగాని చేతిలో నుండగా, ఇచ్చట ప్రేక్షకుని చేతికే వచ్చినవి. 2020లో పూణె నగరపు నోడింగ్ హెడ్స్ గేమ్స్ అను చిన్న సంస్థ 'రాజీ' అను ఆటను వెలువరించి, అందలి కథాభాగములను తోలుబొమ్మల నీడల రీతిలోనే చూపెను. చుట్టము చుట్టమును గుర్తించినట్లు మాకు తోచెను.

2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిమ్మట ఇంటర్నెట్టు చౌకయై, మా సీమలో బస్టాండు బల్లలపై సైతము పబ్జీ ఆడువారు కనబడిరి. ఆడువారితోపాటు ఆటను గూర్చి మాటలాడువారును బయలుదేరిరి. వీరే మన కాలపు కేతిగాండ్రు. కాని పంచె వీరిది కాదు. 2018 జనవరిలో యూట్యూబు, 1,000 మంది చందాదారులును, ఏడాదిలో 4,000 గంటల వీక్షణమును లేని చిన్నవారికి ప్రకటనల రాబడిలో పాలు లేదని నియమము చేసెను. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాపులను, సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌తో సహా మరి 118 యాపులను నిషేధించెను. నిషేధము తగునా తగదా యను చర్చ వేరు. టిక్‌టాకున పాడి ఆడిన పల్లెవారు ఒక్క రాత్రిలో తమ వీడియోలతోపాటు తమను చూచువారినందరిని పోగొట్టుకొనిరి. తరువాతి యూరికి పోదమన్నను, ఆ చూచువారెవరో, ఎచ్చట నుందురో తెలుపు చిట్టా వారి చేతిలో లేదు.

మా సంగతియు ఇంతే. ఒకనాటి ఉదయము మా ఖాతా తెరువబడలేదు. ఏ నియమమును మీరితిమో చెప్పలేదు. యంత్రము వ్రాసిన జాబుకు యంత్రమే బదులు వ్రాయుచుండెను. పదునెనిమిది దినముల తరువాత, అడిగినప్పుడు గాక అడుగుట మానిన తరువాత, ఖాతా తిరిగి వచ్చెను. ఆ పదునెనిమిది దినములును మాకు నిమ్మలకుంట పెట్టె గుర్తునకు వచ్చుచుండెను.

దీనికి ప్రతిగా కొందరు వికేంద్రీకృత మాధ్యమములను నిర్మించిరి. ఊహ క్రొత్తది గాదు. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు సంకల్పించిన యూజ్‌నెట్టులో సందేశములు ఒక కంప్యూటరు నుండి మరియొక దానికి అందుచు పోయెడివి. అన్నిటికి యజమాని యెవరును లేరు. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్‌కో అను యువకుడు మాస్టొడాన్‌ను ప్రారంభించెను. ఇది ఒకే పెద్ద భవనము గాక పెక్కు ఊళ్లవంటిది. ప్రతి సర్వరు ఒక ఊరు. దాని కట్టుబాట్లు దానివి. అయినను ఒక యూరివాడు వేరొక యూరివాని మాట వినవచ్చును. ఊళ్ల నడుమ బాట వంటి యాక్టివిటీపబ్ అను నిబంధనావళిని 2018 జనవరిలో ప్రపంచవ్యాప్త వెబ్ సంఘము ప్రమాణముగా అంగీకరించెను. వీడియోలకు ఇట్టి బాటపైననే ఫ్రాన్సు దేశపు ఫ్రామాసాఫ్ట్ సంఘము పీర్‌ట్యూబును నెలకొల్పెను. 2019 నవంబరులో ట్విట్టరుపై అలిగిన భారతీయులు పలువురు మాస్టొడానునకు పోయిరి. 2022లో ట్విట్టరు చేతులు మారినప్పుడు ప్రపంచమంతట నుండి పోయిరి. పోయినవారిలో తిరిగి వచ్చినవారును తక్కువ గారు.

బెంగుళూరున 2020లో పుట్టిన 'కూ' తెలుగునకును చోటిచ్చెను గాని, అదియు ఒకే యజమాని క్రింది భవనమే. 2024 జూలైలో మూతపడెను. భాష మనదైనను తలుపు తాళము మన చేతిలో లేదు.

రేడియో గల యిండ్లకు ఈ ప్రశ్న పరాయిది గాదు. 1995 ఫిబ్రవరిలో సుప్రీము కోర్టు ఆకాశ తరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున మన తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి గారుండిరి. 2008 అక్టోబరు 15న అప్పటి మెదకు జిల్లా మాచునూరులో సంఘం రేడియో ప్రారంభమైనది. జొన్నలు, కొర్రలు పండించు దళిత స్త్రీలే అందు మాటలాడిరి, యంత్రములు నడిపిరి. ఆ ధ్వని కొలది మైళ్ల కావల వినబడదు. వినబడిన మేర అది వారిదే.

వికేంద్రీకరణమును మేము మందుగా అమ్మబోము. పెద్ద సంస్థ, తన లాభమునకే కావచ్చు, జనమును కూర్చి తెచ్చి మన ముందు కూర్చుండబెట్టును. చిన్న సర్వరున ఆ చాటింపు మనమే వేసికొనవలెను. సర్వరు నడుపుటకు ఖర్చు గలదు, దుర్భాషలాడువారిని పంపివేయుటకు రాత్రులు మేలుకొనవలెను, నడుపువాడు విసిగినచో ఆ యూరే పాడువడును. మాస్టొడానులో ఒక సర్వరు నుండి మరియొక దానికి మారినచో మనలను అనుసరించువారు వెంట వత్తురు గాని పాత వ్రాతలు రావు. పెట్టె మోయుట యెప్పుడును బరువే. అయినను ప్రేక్షకులు వెంట రాగలరనునది చిన్న విషయము గాదని మా యభిప్రాయము. టిక్‌టాకు పల్లెవారికి ఆ పాటి సౌకర్యమే లేకపోయెను.

మేము పెద్ద వేదికను విడువలేదు. విడిచినచో వినువారే యుండరు. కాని ప్రసంగములన్నిటి ప్రతులను ఇంటిలో దాచితిమి. గత సంవత్సరము నుండి ఒక పీర్‌ట్యూబు సర్వరునను ఉంచుచున్నాము. అచ్చట వినువారు నలువది ముగ్గురు. 'స్పేస్‌వార్' గూర్చిన ప్రసంగము విని, అందొకరు తాము చిన్ననాడు చూచిన బొమ్మలాటలో దీపము ఆరిపోయినప్పుడు చీకటిలోనే కేతిగాడు గంటసేపు మాటలాడెనని వ్రాసి, అది యే యూరో గుర్తు లేదనిరి.