భువనగిరి రాతి మీద దిద్దిన ఓనమాలు

గురుకులాల చరిత్ర రాసేవాళ్లు 1971లో సర్వేల్ గురుకులం దగ్గర ఎత్తుకుని ర్యాంకుల దగ్గర తేలుతారు. ర్యాంకుల పట్టికలు ఈ సంచికలోనూ బోలెడు ఉంటాయి. నేను మాత్రం సాంఘిక సంక్షేమ గురుకులాలు 2013లో భువనగిరి కోటగుట్ట మీద నడిపిన కొండెక్కే తరగతి గురించి రాస్తాను.

అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. నేర్పినవాడు ఎవరెస్టు ఎక్కివచ్చిన శేఖర్ బాబు బాచినేపల్లి. ఆ తరగతి పిల్లల్లో మలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదివేది. మేడారం దారిలోని మన తాడ్వాయి కాదు, కామారెడ్డి వైపుది. ముందే చెప్పకపోతే మనవాళ్లు ఊరికే మురిసిపోతారు! అదే తరగతిలోని సాధనపల్లి ఆనంద్ కుమార్ మాత్రం మనకు పొరుగువాడే. అతని చర్ల మండలం మన వెంకటాపురానికి ఆనుకునే ఉంది. చర్లలాగే వెంకటాపురం, వాజేడు కూడా 2016 దాకా ఖమ్మం జిల్లావేగా.

కొండెక్కే చదువులో ఎక్కడం కన్నా ముందు నేర్పేది తాడు తొక్కకూడదని. చెప్పు కింద పడ్డ ఇసుక రేణువు పైపొరలోంచి లోపలికి దూరి, బరువు పడ్డప్పుడల్లా పోగుల్ని కోస్తుంది. బయటికి తాడు నిక్షేపంగానే కనిపిస్తుంది. తర్వాత ఎనిమిది ముడి. కొసను అదే దారిన వెనక్కి నడిపించాలి, రెండు వరసలూ మెలిక లేకుండా పక్కపక్కనే సాగాలి. ముడి వేసినవాడు చూసుకుంటే చాలదు, తోటివాడు వేలుపెట్టి మరీ చూడాలి. కింద బిలే పట్టేవాడి, అంటే ఎక్కేవాణ్ని తాడుతో కాచేవాడి, బ్రేకు చెయ్యి తాడు వదలకూడదు, దోమ కుట్టినా సరే.

కొత్తగా వచ్చినవాళ్లు రాతిని చేతులతో పట్టుకుని వేలాడతారు. కాసేపటికే ముంజేతులు బిగుసుకుపోతాయి. బరువంతా కాళ్ల మీద ఉండాలి. రెండు కాళ్లు, రెండు చేతుల్లో మూడు ఆనుకుని ఉంటేనే నాలుగోది కదలాలి. చింతచెట్లు ఎక్కి పెరిగిన పిల్లలకు ఇందులో సగం వచ్చే ఉంటుంది. రానిది దిగడం. అంచున నిలబడి, తాడు మీద బరువు వదిలి, వెనక్కి వాలాలి. భయంతో మోకాళ్లు వంచారా, రాతికి కొట్టుకోవలసిందే.

భువనగిరిలో నెగ్గినవాళ్లను డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. 1954లో పెట్టిన ఆ సంస్థలో క్షేత్ర శిక్షణకు తొలి అధిపతి టెన్జింగ్ నార్గే. తర్వాత లదాఖ్ చలి. 2014 మే 25న పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. నేపాల్ వైపు వయసు నిబంధన అడ్డం కాబట్టి టిబెట్ దారిన వెళ్లారు. 2022లో డెనాలీతో ఆమె ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది.

ఇదంతా ఎక్కడి సంగతో అనుకోనక్కర్లేదు. మన పక్కనే రేగొండ మండలంలో పాండవుల గుట్టలున్నాయి, అక్కడ రాక్ క్లైంబింగ్ కూడా జరిగింది. అయితే భువనగిరిది గ్రానైటు, ఇది ఇసుకరాయి. వాన పడితే మెత్తబడి, పట్టుకున్న అంచు ఊడి చేతికొస్తుంది. ఆరేదాకా ఆగాల్సిందే. పైగా ఆదిమానవుల బొమ్మలున్న గుట్ట, ఆ గోడల జోలికి వెళ్లి బోల్టులు కొట్టే పని పెట్టుకోకూడదు. ఏడాదికోసారి తాడు కట్టి ఫొటోలు దిగే ఉత్సవాల మీద నాకు నమ్మకం లేదు. ప్రతి చలికాలం మన బడి పిల్లల్ని కొద్దిమందినైనా, సర్టిఫికెట్ ఉన్న శిక్షకుడితో, వారం రోజులు అక్కడ ఉంచాలి. వచ్చే ఏడాది బడ్జెట్‌లో హెల్మెట్లకూ తాళ్లకూ ఒక పద్దు రాయమని పూర్వ విద్యార్థుల సంఘాన్ని అడుగుతున్నాను.