చిలుక, తాబేలు, కోతిపిల్ల: ఇంట్లో ముద్దు, ఒంటికి ముప్పు

వరండాలో పంజరం, అందులో రామచిలుక. పెరట్లో నీళ్ల తొట్టె, అందులో నక్షత్ర తాబేలు. తెలుగిళ్లలో వీటిని తప్పుగా భావించేవారు అరుదు. కొన్నిచోట్ల తల్లిని కోల్పోయిన కోతిపిల్లను చేరదీసి, పాలసీసాతో పెంచుతుంటారు. అయితే కుక్క, ఆవు వంటివి వేల ఏళ్లుగా మనిషి చెంతనే తరతరాలుగా పెరిగి మారిన జాతులు. తొర్రలోంచి తెచ్చిన చిలుకపిల్ల ఎంత మచ్చికైనా అడవి ప్రాణే.

నక్షత్ర తాబేలు రాయలసీమ వంటి మెట్ట ప్రాంతాల పొదల్లో తిరిగే నేల జీవి. దానికి ఈత రాదు. అదృష్టం కలిసి వస్తుందన్న నమ్మకంతో తెచ్చి లోతైన తొట్టెలో వేస్తే మునిగి చనిపోతుంది. ఇంటివారికి దానివల్ల కలిగే ముప్పు సాల్మొనెల్లా బ్యాక్టీరియా. ఆరోగ్యంగా కనిపించే తాబేలు మలంలోనూ ఇది ఉండవచ్చు. పెంకును తాకిన చేతిని నోట్లో పెట్టుకున్న పసివారికి విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి వస్తాయి. అయిదేళ్లలోపు పిల్లల్లో, వృద్ధుల్లో అది రక్తంలోకి పాకితే ప్రాణాపాయమే. ఇలా పిల్లలు జబ్బుపడుతున్నందునే అమెరికా 1975లో 4 అంగుళాలలోపు పెంకు ఉన్న తాబేళ్ల విక్రయాన్ని నిషేధించింది. అంట్లు తోమేచోట తాబేలును కడగడం ఎంతమాత్రం తగదు.

చిలుకల రెట్ట ఎండి ధూళిగా మారినప్పుడు, దాన్ని పీల్చినవారికి సిట్టకోసిస్ అనే జబ్బు సోకవచ్చు. జ్వరం, తలనొప్పి, పొడిదగ్గుతో మొదలై న్యుమోనియాకు దారితీస్తుంది. లక్షణాలు మామూలు జ్వరాన్నే పోలి ఉంటాయి గనుక, ఇంట్లో పక్షి ఉన్న సంగతి వైద్యునికి చెప్పడం ముఖ్యం. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి మందులతో నయమవుతుంది. పంజరాన్ని పొడిగా ఊడ్వకుండా తడిపి శుభ్రం చేయాలి.

కాటుకు కారం పెట్టవద్దు

ఒడిలో ఆడిన కోతిపిల్ల నాలుగైదేళ్లకు పెద్దదవుతుంది. కోరలు పెరుగుతాయి, పెంచినవారిపైనే తిరగబడుతుంది. కోతి, ముంగిస వంటి ఏ క్షీరదం కరిచినా రేబిస్ భయం ఉంటుంది. లక్షణాలు బయటపడ్డాక ఈ వ్యాధికి దాదాపు చికిత్స లేదు. గాయంపై కారం, పసుపు, కిరోసిన్ పూయడం పల్లెల్లో ఇంకా కనిపించే ప్రమాదకరమైన అలవాటు. ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. రక్తం కారిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. రెండు మోతాదులు వేయించుకుని మిగతావి మానేయడం కూడా ముప్పే.

చట్టం ఏం చెబుతోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం రామచిలుకను, నక్షత్ర తాబేలును పట్టుకోవడం, పెంచడం, అమ్మడం నేరం. సవరణలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మొదటి షెడ్యూలులోని నక్షత్ర తాబేలు విషయంలో మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా ఉంటాయి. ముచ్చట కోసం పెంచుతున్నామన్న వాదన చెల్లదు.

భయపడి రాత్రికి రాత్రి చెట్ల మధ్య వదిలేయడమూ సరికాదు. పంజరంలో పెరిగిన పక్షికి మేత వెతుక్కోవడం తెలియదు, పైగా దాని రోగాలు అడవి పక్షులకు పాకుతాయి. సమీప అటవీ రేంజి కార్యాలయానికి తెలిపితే సిబ్బంది వచ్చి తీసుకువెళతారు. అప్పటివరకు పిల్లలను దగ్గరకు రానివ్వకుండా, మేత పెట్టిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి.