తమిళ తెరపై తెలుగు వాచికము : పసుపులేటి కన్నాంబ

1942వ సంవత్సరమున జూపిటర్ పిక్చర్సువారు నిర్మించిన 'కణ్ణగి' అను తమిళ చిత్రమున నాయిక పాత్రమును ధరించినది తెలుగు నటి. ఈ సంగతి తమిళనాట పుట్టి పెరిగిన మన పిల్లలలో పలువురికి తెలియదు. తెలిసిన పెద్దలకును అది యొక వింతగానే తోచును. శిలప్పదికారము తమిళుల పంచమహాకావ్యములలో ఒకటి. దాని నాయిక కణ్ణగి ఆ జాతికి పాతివ్రత్యమునకును, రాజునైనను నిలదీయు న్యాయబుద్ధికిని ప్రతిరూపము. 1968లో ప్రపంచ తమిళ మహాసభ సందర్భమున మదరాసు మెరీనా తీరమున నెలకొల్పిన విగ్రహములలో కణ్ణగి విగ్రహమును ఒకటి. అట్టి పాత్రమును, అందును గ్రాంథిక తమిళ సంభాషణములతో నిండిన దానిని, కడపలో పుట్టి ఏలూరిలో పెరిగిన స్త్రీ ధరించి తమిళ ప్రేక్షకుల మెప్పు పొందుట ఎట్లు సంభవించినది? ఈ వ్యాసమున విచారింపదలచినది ఇదియే.

ఈ విచారణ వినోదార్థము కాదు. తమిళనాటి తెలుగు బడులలో పనిచేయు ఉపాధ్యాయులము ఏటేట వినెడి మాట ఒకటి కలదు. పిల్లవానికి తమిళము చక్కగా రావలెనన్నచో ఇంట తెలుగు మాన్పవలెనట. 2006లో తమిళనాడు ప్రభుత్వము బడులలో తమిళమును నిర్బంధ పాఠ్యము చేయుచు చట్టము చేసిన పిమ్మట ఈ మాట మరింత గట్టిగా వినవచ్చుచున్నది. తమిళము నేర్చుట అవసరమే. ఉన్న నేల మాటను నేర్వనివాడు అచ్చట ఎన్ని తరములున్నను చుట్టపుచూపుగా వచ్చినవాడే. కాని ఒక భాష లోనికి వచ్చుటకు మరియొకటి వెలికి పోవలెనను లెక్క ఎవరు కట్టిరో తెలియదు. కన్నాంబ జీవితము ఆ లెక్కకు ఒదుగదు.

పసుపులేటి కన్నాంబ 1911 అక్టోబరు 5న కడపలో జన్మించినది. బాల్యము ఏలూరిలో అమ్మమ్మ, తాతల యింట గడచినది. ఆనాటి కోస్తా పట్టణములందు నాటకమే రాత్రివేళ విద్యయు, వినోదమును. సురభివారిని మినహాయించినచో స్త్రీ పాత్రములను చాలవరకు పురుషులే ధరించెడివారు. స్థానం నరసింహారావుగారి కీర్తి అంతయు ఆ ఒరవడిలో వచ్చినదే. కన్నాంబ రంగప్రవేశమును గూర్చి ఒక కథ ప్రచారమున ఉన్నది. ఏలూరిలో హరిశ్చంద్ర నాటకము జరుగుచుండగా చంద్రమతి వేషధారి శోకఘట్టమును రక్తి కట్టింపలేకపోయెననియు, ప్రేక్షకులు గోల చేయగా, చూడవచ్చిన ఈ బాలిక లేచి ఆ పద్యములను పాడి సభను మెప్పించెననియు చెప్పుదురు. ఇట్టి కథలు పెక్కుమంది నటుల జీవితములకు అలంకారముగా చేరుచుండును గనుక దీనిని అక్షరాల నమ్మనక్కరలేదు. అయినను అందు ఒక సత్యమున్నది. ఆమె విద్య పద్యముతో మొదలైనది.

పద్య నాటకమున నటునికి మొదటి పరీక్ష ఊపిరి. సీసపద్యమును ఎత్తుకొన్నవాడు ఎచ్చట విరువవలెనో, ఎచ్చట సాగదీయవలెనో, యతిస్థానమును చెవికి తాకించి కూడ అర్థము చెడకుండ ఎట్లు నడువవలెనో తెలిసియుండవలెను. దీర్ఘసమాసమును ఒక్క గుక్కలో పలికి, చివరి పదము వెనుక వరుసలో కూర్చున్నవానికి సైతము వినబడునట్లు చేయవలెను. ధ్వనివర్ధకములు లేని కాలమది. భరతుడు చెప్పిన నాలుగు అభినయములలో వాచికమునకు మన నాటకరంగము పట్టము గట్టినది. ఆంగికము వెనుకబడినదని విమర్శకులు ఆక్షేపించిరి; ఆక్షేపణలో న్యాయమును ఉన్నది. అయినను కన్నాంబకు దక్కిన పెట్టుబడి ఆ వాచికమే. నాటక నిర్వాహకులు కడారు నాగభూషణముగారితో వివాహమైన పిమ్మట దంపతులిద్దరును శ్రీ రాజరాజేశ్వరీ నాట్యమండలి పేర నాటకములాడుచు సంచరించిరి.

తెలుగు మాటాడు చిత్రములు వచ్చిన కొన్నేండ్లకు, 1935లో, పి. పుల్లయ్యగారి దర్శకత్వమున 'హరిశ్చంద్ర' వెలువడినది. అద్దంకి శ్రీరామమూర్తిగారు హరిశ్చంద్రుడు, కన్నాంబ చంద్రమతి. మరుసటి సంవత్సరము మన రాష్ట్రేతరాంధ్రులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగిన పోటీ జరిగినది. ఒకే ద్రౌపది కథను రెండు సంస్థలు చిత్రములుగా తీసినవి. 'ద్రౌపదీ మానసంరక్షణము'న దుర్యోధనుడు బళ్లారి రాఘవగారు, ద్రౌపది సురభి కమలాబాయిగారు. 'ద్రౌపదీ వస్త్రాపహరణము'న దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణగారు, శ్రీకృష్ణుడు సి.యస్.ఆర్. ఆంజనేయులుగారు, ద్రౌపది కన్నాంబ. రాఘవగారంతటి నటుడు ఉండియు మొదటిది నిలువలేదు, రెండవది జయించినది. ఇందుకు కారణములు పెక్కు చెప్పవచ్చును. పౌరాణికమును చూడవచ్చిన జనము పద్యమునే కోరెననుట వానిలో ముఖ్యము. నాలుగేండ్ల తరువాత 'చండిక' (1940) చిత్రమున ఆ రాఘవగారును, కన్నాంబయు కలిసి నటించిరి.

1937లో 'సారంగధర' చిత్రమున చిత్రాంగి పాత్రము, 1938లో హెచ్.ఎం. రెడ్డిగారి 'గృహలక్ష్మి'లో సంసారములను కూల్చు మాధురి పాత్రము ఆమెకు లభించినవి. చంద్రమతిగా కంటతడి పెట్టించిన నటి సవతికొడుకును కామించిన చిత్రాంగిగా నటించుట ఆనాడు తేలిక పని కాదు. ప్రేక్షకుడు పాత్రమును, పాత్రధారిణిని వేరు చేసి చూడని రోజులవి. ఆమె వెనుదీయలేదు. ఆ రోజులలో స్త్రీలు 'కన్నాంబ లోలాకులు, కాంచనమాల గాజులు' అని అడిగి కొనెడివారని పెద్దలు చెప్పుకొనెడివారు. కాంచనమాలయు గృహలక్ష్మి చిత్రముననే నటించినది.

తమిళమున ఆమె ప్రవేశము 1940 నాటి 'కృష్ణన్ తూదు'తో జరిగినది. 1941లో వచ్చిన 'అశోక్ కుమార్' ఆమెను తమిళ ప్రేక్షకుల నోట నానునట్లు చేసినది. అందు నాయకుడు ఎం.కె. త్యాగరాజ భాగవతారు, అశోక చక్రవర్తి మన చిత్తూరు నాగయ్యగారు, కుణాలుని మోహించిన సవతితల్లి తిష్యరక్షిత కన్నాంబ. చిత్రాంగికిని, తిష్యరక్షితకును ఉన్న పోలిక చదువరి గ్రహింపగలడు. తెలుగున సాధించిన పాత్రము తమిళమున ఆమెకు ద్వారము తెరచినది. ఆ చిత్రమునకు సంభాషణములు వ్రాసినది ఇళంగోవన్. అంతవరకు తమిళ చిత్రములలో సంభాషణము పాటకును పాటకును నడుమ వంతెన వంటిది. దానిని సాహిత్యముగా చేసిన కీర్తి ఈయనది. ఆ మరుసటి సంవత్సరమే 'కణ్ణగి'. దర్శకుడు ఆర్.ఎస్. మణి, కోవలుడు పి.యు. చిన్నప్ప, సంభాషణములు మరల ఇళంగోవన్‌వి.

కన్నాంబ తన తమిళ సంభాషణములను తెలుగు లిపిలో వ్రాసికొని కంఠస్థము చేసెడిదని చిత్రసీమలో చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. ఇది వినుటకు చిన్న విషయము. భాషోపాధ్యాయునకు చిన్నది కాదు. తమిళ లిపిలో క, గ లకు ఒక్కటే అక్షరము. చ, జ లకును, ట, డ లకును, త, ద లకును అట్లే. ఎచ్చట సరళముగా, ఎచ్చట పరుషముగా పలుకవలెనో తమిళుడు అలవాటునుబట్టి తెలిసికొనును. కణ్ణగి అను పేరే తీసికొందము. చివరి అక్షరము తమిళమున 'కి' వ్రాసినట్లే వ్రాసి 'గి' అని చదువుదురు. తెలుగు లిపిలో వ్రాసినచో ఆ చిక్కు లేదు. చెవి విన్నది కాగితము మీద ఉన్నది. హ్రస్వములైన ఎ, ఒ లు రెండు లిపులలోను కలవు. ణ, ళ లు రెండింట కలవు. కావున తమిళ ధ్వనిని పట్టుటకు మన లిపి చక్కని వల.

వలకు చిల్లులు లేకపోలేదు. తెలుగు అజంతభాష, తమిళమున హల్లుతో ముగియు మాటలు కొల్లలు. కోవలన్, పాండియన్ అనుచోట తెలుగు నాలుక చివర ఉకారమును తగిలించుటకు త్వరపడును. నకారపొల్లు దగ్గర ఆగుట అభ్యాసముచేత గాని రాదు. ఇక ఴకారము. ఒకప్పుడు మన శాసనములలోను ఆ అక్షరముండెను; పిమ్మట లిపినుండి జారిపోయినది. దానిని తెలుగు పిల్లలు ళకారముగా పలుకుదురని మమ్ము పరిహసించువారు కలరు. మదురై మొదలుకొని దక్షిణపు తమిళులే పెక్కురు అట్లు పలుకుదురని వారికి గుర్తుచేయవలసియుండును. కన్నాంబ తన పేరులోనే ఈ మార్పును చూచినది. మనకు ఆమె కన్నాంబ. తమిళ పత్రికలు, గోడప్రకటనలు ఆమెను 'కణ్ణాంబా'గా వ్రాసినవి. మన కన్ను వారి కణ్ అయినది.

లిపి ఆమెకు శబ్దమును ఇచ్చినది. భావమును నడిపినది మాత్రము పద్య నాటకపు ఊపిరియే అని నా అభిప్రాయము. పాండ్యరాజు కొలువున కణ్ణగి నిలిచి, తన కాలి అందెలో ఉన్నవి మాణిక్యములని, రాణి అందెలోనివి ముత్యములని రుజువు చేసి, భర్తను దొంగగా చంపించిన రాజును నిలదీయు ఘట్టమున్నది. ఒంటరి స్త్రీ రాజసభను ప్రశ్నించుట కన్నాంబకు కొత్తయా? ఆరేండ్ల క్రిందట ద్రౌపదిగా కౌరవసభలో ఆ పని చేసియుండెను. ఇళంగోవన్ వాక్యములలోని ప్రాసలను, ఎత్తుగీతులను ఆమె సీసపద్యపు పాదములవలె విరిచి పలికినది. తెలుగు అభిమానులు కొందరు 'తమిళులకు కణ్ణగిని మనమే ఇచ్చితిమి' అందురు. అది దబ్బర. ఇళంగో అడిగళు కావ్యము, ఇళంగోవన్ మాట, పరాయి నోటినుండి వచ్చినను తమ మాటగా ఆదరించిన ప్రేక్షకుల పెద్దమనసు లేనిదే ఆమె కంఠము ఏమి చేయగలదు? ఇచ్చినది ఒక చేయి, అందుకొన్నది మరియొక చేయి.

తమిళమున పేరు వచ్చినదని ఆమె తెలుగును విడువలేదు. 1947లో 'పల్నాటి యుద్ధము'న నాయకురాలు నాగమ్మ ఆమెయే. గూడవల్లి రామబ్రహ్మముగారు ఆరంభించిన ఆ చిత్రమును, 1946లో ఆయన గతించిన పిమ్మట, ఎల్.వి. ప్రసాదుగారు పూర్తి చేసిరి. బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావుగారు. రాజనీతి తెలిసిన స్త్రీగా నాగమ్మను నిలువబెట్టుటలో కన్నాంబకు సాటి రాగలవారు అరుదు. ఏడేండ్లకు అదే ప్రసాదుగారు, ఏలూరు ప్రాంతపువారే, తమిళమున 'మనోహర' (1954) తీసినప్పుడు రాణి పద్మావతి పాత్రమును ఆమెకు ఇచ్చిరి. సంభాషణములు ఎం. కరుణానిధిగారివి, కొడుకు మనోహరుడు శివాజీ గణేశన్. తండ్రిపై కత్తి దూయరాదని కొడుకును మాటచే కట్టివేసిన తల్లి, కడపట సంకెలలోనున్న వానిని తన నోటితోనే ఆ కట్టునుండి విడిపించును. వాగ్ధాటికి పేరుపొందిన నటుని సరసన వాక్కుతోనే నిలువగలిగిన తల్లి కావలసివచ్చినది. ఆ పాత్రము తరువాత తమిళనాట ఆమె తల్లులకు తల్లి.

నిర్మాతగా ఆమె కృషిని క్లుప్తముగా చెప్పెదను. దంపతులు శ్రీ రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీని స్థాపించి 'తల్లిప్రేమ' (1941), 'సుమతి' (1942), 'పాదుకాపట్టాభిషేకము' (1945), తమిళమున 'నవజీవనం' (1949), తెలుగున 'నాగపంచమి' (1956), 'దక్షయజ్ఞము' (1962) మొదలైనవి తీసిరి. సిబ్బందికి నెల మొదటి తారీఖుననే జీతములిచ్చు కంపెనీ అని దానికి పేరు. చిత్రసీమ తెలిసినవారికి ఇది చిన్న ప్రశంస కాదు.

కడపటి పదేండ్లలో ఆమె పాత్రములు రెండు భాషలలోను జంటగా నడచినవి. 1957లో తెలుగున 'తోడికోడళ్ళు', తమిళమున 'ఎంగళ్ వీట్టు మహాలక్ష్మి'. 1960లో 'పడిక్కాద మేదై' అను తమిళ చిత్రమున ఎస్.వి. రంగారావుగారికి ఇల్లాలు, ఆ కథయే 1962లో తెలుగున 'ఆత్మబంధువు' కాగా అచ్చటను రంగారావుగారే భర్త, ఆమెయే భార్య. ఒకే ఇల్లాలు, ఒకే దుఃఖము, రెండు భాషలు. తమిళులు ఆమెను తమిళ తల్లిగా ఎంచిరి. తెలుగువారు తెలుగు తల్లిగా ఎంచిరి. రెంటను ఎరువు గొంతు లేదు. ఈ రెండు చిత్రములను ఒకదాని వెంట ఒకటి పెట్టి చూచినచో, తమిళమున ఆమె వాక్యాంతములను ఎట్లు బిగించినది, తెలుగున ఎట్లు సడలించినది వినవచ్చును. ఉపాధ్యాయులు పై తరగతుల పిల్లలకు చూపదగినవి.

1963లో విడుదలైన 'లవకుశ'లో ఆమె కౌసల్య. మరుసటి ఏడు, 1964 మే 7న, కన్నాంబ మదరాసులో మరణించినది. అప్పటికి ఆమె వయస్సు 52 సంవత్సరములు.