పరీక్షాక్షేత్రపు గట్టు దాటిన పత్తి

పెనుగంగకు ఆవలి గట్టున యవత్‌మాల్ జిల్లా, ఈవలి గట్టున ఆదిలాబాదు. ఇరుప్రక్కలను నల్లరేగడియే, ఇరుప్రక్కలను పత్తియే. ఒక గట్టున మొలచిన విత్తనము రెండవ గట్టునకు చేరుటకు ఎంతో కాలము పట్టదు. కలుపుమందును తట్టుకొను పత్తి చరిత్ర వినువారు ముందుగా ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

జన్యువులు మార్చిన విత్తనమును పొలములో పరీక్షించుటకు మన దేశమున 1989 డిసెంబరునాటి నిబంధనలు ఆధారము. 1984లో భోపాలు విషవాయు దుర్ఘటన జరిగినది. పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినది. ఆ చట్టము క్రిందనే ఈ నిబంధనలు వెలువడినవి. వాని ప్రకారము కేంద్రమునను రాష్ట్రమునను పర్యవేక్షక సంఘములు, జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన మరియొక సంఘము ఉండవలెను. ఈ జిల్లా సంఘములో వ్యవసాయాధికారితోపాటు ఫ్యాక్టరీల ఇనస్పెక్టరునకును స్థానము కల్పించిరి! కర్మాగారమును దృష్టిలో నుంచుకొని చేసిన ఏర్పాటు పత్తిచేనికి నడచి వచ్చినదని ఊహింపవచ్చును. అయినను ఏర్పాటు మంచిదే. పరీక్షాక్షేత్రమునకును ఇరుగుపొరుగు చేలకును నడుమ దూరము పాటింపవలెను. పంట తీసిన పిదప మిగిలిన మొక్కలను నాశనము చేయవలెను. అన్నిటికిని లెక్క చూపవలెను.

పురుగును తట్టుకొను బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి లభించినది. అంతకు కొద్ది నెలల ముందే గుజరాతు చేలలో అనుమతి లేని బీటీ పత్తి బయటపడెను. పిదప కలుపుమందు వంతు వచ్చినది. గ్లైఫొసేట్ చల్లినచో సామాన్యముగా గడ్డితోపాటు పత్తియు మాడిపోవును. మట్టిలోని ఒక బాక్టీరియా జన్యువును చేర్చినచో పత్తి బ్రతుకును, గడ్డి చచ్చును. మహికో సంస్థ ఇట్టి పత్తిని పొలములలో పరీక్షించి అనుమతి కోరినది. విత్తన విజ్ఞానమును స్వదేశపు కంపెనీలతో పంచుకొనవలెనను ప్రభుత్వ ప్రతిపాదన నచ్చక 2016లో దరఖాస్తును వెనుకకు తీసికొన్నది.

కాగితముపై కథ అంతటితో ముగిసినది. చేలలో మాత్రము 2017 వానకాలమున అదే గుణము గల పత్తి కనబడెను. కేంద్రము నియమించిన పరిశీలక సంఘము తెలంగాణతో సహా నాలుగు రాష్ట్రముల పత్తి విస్తీర్ణములో సుమారు 15 శాతము ఇట్టిదని అంచనా కట్టినది.

రైతును నిందించుట సులభము. శ్రావణమాసపు ముసురులో రేగడి కాలికి పట్టుకొనును. గుంటుక సాగదు, కూలీలు దిగలేరు, గడ్డి మాత్రము పెరుగును. జమ్మికుంట మార్కెట్టుకు పత్తి తెచ్చు కరీంనగరు రైతునకు ఆ పది దినములే ప్రాణసంకటము. అట్టి వేళ గడ్డిమందుకు చావని విత్తనము సంచిలో దొరకునన్నచో కొనకుండుట కష్టము. కాని ఆ సంచికి చీటీ లేదు, బిల్లు లేదు. మొలక రాకున్నను కాయ కాయకున్నను నష్టపరిహారము అడుగుటకు చేత ఆధారము లేదు. పరీక్షాక్షేత్రములో కంపెనీ భరింపవలసిన పూచీ యంతయు ఈ విధముగా రైతు నెత్తిమీదికి వచ్చినది.

మరి కలుపు తీయు స్త్రీల మాట? సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల సంఘములో అధికసంఖ్యాకులు 2013లో తమ నివేదికలో, చిన్న కమతములు గల ఈ దేశమునకు ఇట్టి పైరులు తగవనిరి. కలుపుకూలిపై బ్రతుకు కుటుంబములను వారు లెక్కలోనికి తీసికొనిరి.

తెలంగాణ ప్రభుత్వము 2018లో గ్లైఫొసేట్ అమ్మకముపై ఆంక్షలు పెట్టినది. 2022 అక్టోబరులో కేంద్రము, చీడల నివారణకు లైసెన్సు పొందినవారు తప్ప ఇతరులు దానిని వాడరాదని ఉత్తర్వు చేసినది. ఆదిలాబాదు, మంచిర్యాల, ఆసిఫాబాదు ప్రాంతములలో తొలకరికి ముందు పోలీసులును వ్యవసాయశాఖవారును కలసి విత్తనపు సంచులకై గాలింపు జరుపుట పరిపాటి అయినది. పరీక్షాక్షేత్రమునకై నియమించిన కలెక్టరు సంఘము పని కంటె ఈ గాలింపే పల్లెవారికి ఎక్కువ పరిచితము.