ప్రక్షేపకం

గాలిలోకి విసరబడిన తరువాత కేవలం గురుత్వాకర్షణ బలానికి లోనై చలించే వస్తువును భౌతిక శాస్త్రంలో ప్రక్షేపకం అంటారు. వాలుగా విసిరిన వస్తువు పథం పరావలయమని గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించాడు.

ప్రక్షేపకపు క్షితిజ సమాంతర వేగం మారదు. నిలువు వేగం మాత్రం ప్రతి సెకనుకు సుమారు 9.8 మీ/సె చొప్పున మారుతుంది. ఈ రెండు చలనాలు పరస్పరం స్వతంత్రమైనవి. అందువలన ఒకే ఎత్తు నుండి ఒక బంతిని జారవిడిచి, అదే క్షణంలో మరొకదానిని అడ్డంగా విసిరితే రెండూ ఒకేసారి సమతలమైన నేలను చేరతాయి. విద్యార్థులు తరచుగా పొరబడే విషయం మరొకటుంది: వాలుగా విసిరిన వస్తువు వేగం గరిష్ఠ ఎత్తు వద్ద సున్నా కాదు, దాని నిలువు అంశం మాత్రమే సున్నా.

నేల మట్టం నుండి 20 మీ/సె వేగంతో 45 డిగ్రీల కోణంలో విసిరిన రాయి సుమారు 41 మీటర్ల దూరంలో పడుతుంది. 30, 60 డిగ్రీల కోణాలు రెండింటికీ ఈ దూరం సుమారు 35 మీటర్లే. ఈ లెక్కలలో గాలి నిరోధం పరిగణించబడలేదు.