నలుపు ఇష్టపడేవాళ్ళూ, నల్లగా పుట్టిన గొర్రెలూ

కొన్నాళ్ళ కిందట మేం పనిచేసే చోట ఒక శిక్షణ పెట్టారు. "మీ వ్యక్తిత్వాన్ని మీరే తెలుసుకోండి" బాపతు. (ఆర్నెల్ల కింద మనం రాసిన కోడే మనకి అర్థమయి చావదు, ఇక వ్యక్తిత్వం ఒకటా!) ఒక కాగితం మీద రంగులిచ్చి, నచ్చినదానికి టిక్కు పెట్టమన్నారు. నేను నలుపుకి పెట్టాను. కారణం పెద్దదేం కాదు. నా దగ్గరున్న టీషర్టుల్లో సగం నల్లవే. సాంబారు పడ్డా కనపడదు, ఇస్త్రీ లేకపోయినా చెల్లిపోతుంది.

శిక్షణ ఇచ్చేవాడు తేల్చేశాడు: నలుపు ఇష్టపడేవాళ్ళు పెత్తనం కోరుకుంటారు, మనసులో మాట బయటపెట్టరు, లోకమ్మీద ఓ మూల కోపం పెట్టుకుని ఉంటారు. పక్క కుర్చీలోవాడు "పెత్తనమా, వీడికా?" అని పగలబడి నవ్వాడు. నాకు మాత్రం ఇంకోటి గుర్తొచ్చింది. మాది వనపర్తి పక్కన పల్లె. నా చిన్నప్పుడు మా ఊళ్ళో సగంమంది మగాళ్ళ భుజాన ఉన్నది నలుపే. గొంగడి! ఈయన లెక్కన మా పాలమూరు జిల్లాలో పెత్తనం కోసం పడిచచ్చేవాళ్ళు గొర్రెల కాపర్లన్నమాట.

మా ఇంటి వెనక ఒక కురుమ తాత ఉండేవాడు. ఎండాకాలం కూడా గొంగడి వదిలేవాడు కాదు. ఓసారి అడిగాను, "తాతా, నీకు నలుపంటే అంత ఇష్టమా?" అని. ఆయన నన్ను పైనించి కిందిదాకా చూసి, "ఇష్టమేంది బిడ్డా! గొర్రె నల్లగున్నది, గొంగడి నల్లగున్నది. తెల్లగ గావాల్నంటే గొర్రెకు సున్నమెయ్యాల్నా?" అన్నాడు.

ఇన్నేళ్ళలో రంగుల మనస్తత్వం గురించి చాలా చదివాను గానీ, దీన్ని మించిన మాట నాకు ఎక్కడా దొరకలేదు.

తాత చెప్పిన గొర్రెని దక్కనీ గొర్రె అంటారు. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర మెట్ట నేలల్లో తిరిగే జాతి. వానలు తక్కువ, మేత తక్కువ, నడక ఎక్కువ. ఎక్కువ భాగం నలుపే. ఉన్ని ముతక, స్వెట్టర్లకి పనికిరాదు. గొంగడికి మాత్రం అదే కావాలి. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు, దాన్ని ఏకుతారు, ఆడవాళ్ళు వడుకుతారు. పడుగుకి చింతగింజల గంజి పెట్టి కుంచెతో దువ్వుతారు. గుంటమగ్గం మీద నేస్తారు. గంజి పుణ్యమా అని కొత్త గొంగడి అట్టలా బిర్రుగా ఉంటుంది, వానపడితే నీళ్ళు జారిపోతాయి. ఈ మొత్తం పనిలో అద్దకం అనే అంకమే లేదు. గొర్రె ఏ రంగో గొంగడీ అదే రంగు. బాగా నల్లగా ఉండేది పిల్లల మొదటి ఉన్ని. గొర్రె ముదిరేకొద్దీ ఎండకి ఉన్ని గోధుమరంగుకి తిరుగుతుంది.

నలుపు ఇంతేనా అంటే, కాపరికి గొంగడే ఇల్లు. కొప్పెర పెట్టుకుంటే గొడుగు, పరిస్తే పక్క, కర్రలకి కడితే నీడ, దారిలో ఈనిన పిల్లని ఎత్తుకోడానికి జోలె. గద్వాల నడిగడ్డ నించి నల్లమల అంచుదాకా మందలతో తిరుగుతూ, రాత్రిళ్ళు రైతుల పొలాల్లో ఎరువు కోసం మంద పెట్టేవాళ్ళకి ఇంకో సామాను ఉండేది కాదు. తెలుగువాడి నోటికీ గొంగడి గట్టిగానే పట్టుకుంది. గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరడం, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉండడం... ఆఖరికి ఒళ్ళంతా నూగున్న పురుక్కి కూడా గొంగళి పేరే పెట్టాం.

మామూలుగా పెళ్ళిలో నల్లబట్టలు కూడవంటాం కదా. గద్వాల చీర ఒంటికి నూలు, అంచుకీ కొంగుకీ పట్టు, రెండూ రెండు రంగులు, కోట రంగులన్నీ అందులోనే ఉంటాయి. అయినా పెళ్ళిచీర నల్లది తెస్తానంటే మా అమ్మే తలుపు వేస్తుంది. మరి కురుమల దగ్గర? 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద వేసిన సంపుటాల్లో ఉంది, పెళ్ళికంకణం ఉన్నితో కట్టేవాళ్ళు, పత్తితో కట్టేవాళ్ళు అని వీళ్ళలో రెండు తెగలు. బీరప్ప దేవుడి ముందు పరిచేది గొంగడే. పక్కింటికి అశుభమయినది వీళ్ళకి దేవుడి ఆసనం. అంతెందుకు, నల్లచీర వద్దన్న అమ్మ మెడలోనే నల్లపూసలుంటాయి, చంటిపిల్లాడి బుగ్గన నల్లచుక్క పెట్టేదీ ఆవిడే. మనకి నలుపు అశుభం కాదు, కొంచెం ప్రమాదకరమైన మందులాంటిది. మోతాదు తెలిసి వాడతాం.

సరే, పెత్తనం సంగతికొస్తాను, ఎందుకంటే అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఇది యూరప్ నించి వచ్చిన కథ. 1419లో బర్గండీ డ్యూకుని ఒక వంతెన మీద చంపేశారు. కొడుకు ఫిలిప్ సంతాపంగా నల్లబట్టలు కట్టి ఆ తర్వాత కూడా వాటిని వదల్లేదు. యూరప్‌లో అప్పటికి అత్యంత సంపన్నమైన దర్బారుల్లో అదొకటి. రాజు నలుపు కడితే మిగతావాళ్ళు ఊరుకుంటారా? తర్వాత శతాబ్దంలో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ దాకా అది పాకింది. ఇక్కడ అసలు కిటుకు అద్దకంలో ఉంది. వెలవని చిక్కటి నలుపు రావాలంటే ముందు నీలిలో ముంచాలి, మళ్ళీ ఎరుపులో ముంచాలి, కరక్కాయలాంటి వగరు సరుకు, ఇనుము కలపాలి. ఎన్ని ముంపులైతే అంత ఖర్చు. అంటే వాళ్ళ నలుపు డబ్బున్నవాడి నలుపు. అద్దకం లేని ముతక ఉన్ని అక్కడా పేదలు, సన్యాసులే కట్టేవాళ్ళు.

అదే నలుపు, అక్కడ అన్నిటికంటే ఖరీదు, ఇక్కడ గొర్రె వీపున ఉచితం. రెంటికీ కలిపి ఒకటే మనస్తత్వం ఎలా అంటగడతాం?

మా శిక్షణవాడి కాగితానికి మూలపురుషుడు స్విట్జర్లాండుకి చెందిన మాక్స్ లూషర్. 1947లో రంగుల పరీక్ష ఒకటి తయారుచేశాడు, అట్టముక్కలిచ్చి వరసగా పేర్చమంటాడు. నలుపుని మొదట ఎంచుకున్నవాడు తన రాత మీద మొండిగా తిరగబడుతున్నవాడని ఆయన వ్యాఖ్యానం. అట్టముక్కలకి ఖరీదు లేదు కాబట్టి ఆ ప్రశ్న చెల్లింది. బట్టకి ఖరీదుంది. అరలో నాలుగు రంగులున్నవాడినే "ఏది ఇష్టం" అని అడగగలం.

కొంచెం గట్టి పని 1988లో అమెరికాలో ఫ్రాంక్, గిలోవిచ్ అనే ఇద్దరు చేశారు. మంచుహాకీ, అమెరికా ఫుట్‌బాల్ జట్లలో నల్ల చొక్కాలవాళ్ళకి శిక్షలు ఎక్కువ పడుతున్నాయని లెక్క తేల్చారు. అక్కడితో ఆగకుండా ఒకే ఆటని తెల్ల చొక్కాల్తో ఒకసారి, నల్ల చొక్కాల్తో ఒకసారి ఆడించి, తీసి, జనానికి చూపించారు. నల్లవాటిలో ఉన్నవాళ్ళే మోటుగా ఆడుతున్నారని చూసినవాళ్ళు అన్నారు. తోసింది అంతే, పడింది అంతే. 2011లో ఇంకొందరు హాకీ లెక్కలు మళ్ళీ చూసి, చొక్కాకీ దురుసుతనానికీ అంత సంబంధం కనపడలేదన్నారు, అది వేరే గొడవ. నాకు నచ్చింది మాత్రం ఆ చూసేవాళ్ళ సంగతి. మన ఊళ్ళో దీనికి పరిశోధన అక్కర్లేదు. అయ్యప్ప మాల వేసుకున్నవాణ్ణి 41 రోజులు చూడండి. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాడే నల్లలుంగీ కనపడగానే "స్వామీ" అంటాడు, మేనేజరు కూడా గొంతు తగ్గిస్తాడు. మాల తీశాక మళ్ళీ ఒరేయే.

గొంగడి విషయంలో ఈ చూపు ఎప్పుడూ ఇంత మర్యాదగా లేదు. పట్నంలో గొంగడివాణ్ణి చూస్తే "గొర్రెలోడు" అనేవాళ్ళు. నా చిన్నప్పుడు వనపర్తి బస్సులో మా తాతని కండక్టరు వెనక మెట్ల దగ్గర నిలబెట్టాడు, వాసనట. ఖాళీ సీటుంది. నేనూ ఆయనతో వచ్చినట్టు ఎవరికీ తెలియకుండా కిటికీ వైపు తిరిగి కూచున్నాను. మా శిక్షణవాడు "మనసులో మాట బయటపెట్టరు" అన్నప్పుడు నేను నవ్వలేకపోయింది అందుకే.

నలుపుని ఎంచుకుని భుజాన వేసుకున్న తెలంగాణవాడు ఒకాయన ఉండేవాడు. గద్దర్. 1979లో తీసిన మాభూమి సినిమాలో గొంగడితో పాడుతూ కనపడతాడు, ఆ తర్వాత సభల్లో అదే ఆయన గుర్తయిపోయింది. ఒళ్ళు ఖాళీ, కాలికి గజ్జె, భుజాన గొంగడి. గుమ్మడి విఠల్‌రావుగా ఆయన ఇంజనీరింగ్ మొదలుపెట్టి వదిలేసిన మనిషి, బాంకులో ఉద్యోగం చేసినవాడు. ప్యాంటూ చొక్కా ఉండి గొంగడి తీసుకున్నాడు. 1946 జులై 4న కడవెండిలో తుపాకీ గుండుకి పడిపోయిన దొడ్డి కొమురయ్య కురుమబిడ్డ అని తెలిసినవాళ్ళకి ఆ గొంగడి ఇంకో రకంగా కనపడింది. లూషర్ చెప్పిన మొండి తిరుగుబాటు అక్షరాలా ఇక్కడ కుదిరింది. ఎందుకు కుదిరింది? ఆయనకి వేరేది వేసుకునే వీలుంది కాబట్టి.

మా వృత్తివాళ్ళ కులదైవం స్టీవ్ జాబ్స్ నల్లచొక్కా కథ కూడా తమాషాయే. 2011లో వచ్చిన ఐజాక్సన్ జీవితచరిత్రలో ఉంది. సోనీలో అందరికీ ఒకే దుస్తులెందుకని జపాన్‌లో అడిగితే, యుద్ధం తర్వాత ఎవరికీ బట్టల్లేవు, కంపెనీయే ఇవ్వాల్సి వచ్చింది అన్నారట. ఆ ఆలోచన తెచ్చి తన ఉద్యోగులకి చెబితే గోల చేసి తరిమారు. దాంతో తనొక్కడికే మియాకే చేత కుట్టించుకున్నాడు. లేమిలో పుట్టింది తిరిగి తిరిగి దర్జా అయింది.

గొంగడి ఇంకా అంతదూరం పోలేదు. దానికంటే ముందు గొర్రే పోతోంది. మాంసానికి ఎదిగే నెల్లూరు జాతి వచ్చింది, దానికి ఉన్ని ఉండదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 20 గొర్రెలూ ఒక పొట్టేలూ లెక్కన 75 శాతం సబ్సిడీతో పంచింది. అది మాంసం లెక్క, ఉన్ని లెక్క కాదు. ఉన్న దక్కనీ మందల్లో కత్తిరించిన బొచ్చుని కొనేవాడు లేక కంపల్లో పారేయడం నేనే చూశాను. మిల్లు దుప్పటి చవక, తేలిక, రంగురంగులది. కాపరి కుర్రాళ్ళు ఎర్రదీ పచ్చదీ కప్పుకుంటున్నారు. నాకేం బాధ లేదు, ఇన్నాళ్ళకి వాళ్ళకీ ఎంచుకునే రంగులొచ్చాయి. గొంగడి పోతోందని ఏడ్చేది మాలాంటి నల్ల టీషర్టులవాళ్ళమే.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తాత కొడుకు దగ్గరికి పోయాను. మగ్గం గుంటలో కోళ్ళు పడుకుంటున్నాయి. గొంగడి ఒకటి కావాలన్నాను.

"నల్లదేనా అన్నా?"

"నల్లదే."

గద్వాల వైపు నేసేవాళ్ళు ఒకరిద్దరున్నారు, అచ్చంగా నల్ల ఉన్ని దొరకాలంటే పిల్లల బొచ్చు కత్తిరించేదాకా ఆగాలె, పైసలు గూడ ఎక్కువైతయి అన్నాడు. ఆగుతానన్నాను. నా నెంబరు ఫోన్లో ఎక్కించుకుని, "ఇంతకూ నీకెందుకన్నా, పట్నంల ఏసీ రూములుంటవ్ గదా" అని అడిగాడు.

బస్సు సంగతి ఆయనకి చెప్పలేదు.